పచ్చాకు పొగ

ఆ సంచి సర్దింది నేనే. ఎవరి మీద ఎంత కోపం వచ్చినా ఆ సంగతి ముందు చెప్పుకోవాలి.

అది 2023 ఏప్రిల్ ఆఖరు. ఆగిరిపల్లి దాటాక మేము కాపలా ఉన్న తోటలో బంగినపల్లి కోత సగంలో ఉంది. మగవాళ్ళు గెడలకి కట్టిన చిక్కాలతో కాయ దించుతుంటే ఆడవాళ్ళం కింద ట్రేలలో పాత పేపర్లు పరిచి కాయ సర్దుతున్నాం. అన్నాల వేళ నేను పాకలోకి వచ్చి మెర్సీ సంచి ముందేసుకుని కూర్చున్నాను. మెర్సీ నా కూతురు, ముప్పై రెండేళ్ళది. మొగుడితో పొసగక నా దగ్గరికొచ్చేసి అప్పటికి నాలుగేళ్ళు. ఇప్పుడు సైప్రస్ అనే దీవికి పోతోంది. మే నుంచి అక్టోబరు దాకా, ఒక్క సీజను పని.

నాలుగు జతల బట్టలు, దుప్పటి, చిన్న బైబిలు, తాండ్ర పొట్లం, గుడ్డమూటలో ఎండు వేపాకు, ఒక మూల అగ్గిపెట్టె. మెర్సీ వచ్చి సంచిలో చెయ్యి పెట్టి కెలికింది.

"అగ్గిపెట్టె ఏంటమ్మా? విమానం ఎక్కనివ్వరు."

"పొయ్యి వెలిగించుకోవద్దా?"

"వాళ్ళకి లైటర్లుంటాయి. ఈ వేపాకు దేనికి, నేనేమన్నా వైద్యానికి పోతున్నానా?"

"బట్టలకి పురుగు పట్టదు. దోమలుంటే పొగేసుకోవచ్చు."

"అక్కడ ఆకులుండవా ఏంటి?" అని మూట తీసి చూరులోకి గిరాటేసింది. అగ్గిపెట్టె నా ఒళ్ళో పడేసింది.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. ట్రేలలో పరిచే పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చాను. అందుకే నాకు లోకం సంగతులన్నీ సగం సగం తెలుసు. పేపరు ఎక్కడ చిరిగితే వార్త అక్కడ ఆగిపోయేది. సగం తెలిసినవాళ్ళు సగం భయపడతారనుకుంటారు గానీ, రెట్టింపు భయపడతారు. మా ఆయన జోజిబాబు ఒకనాడు బోర్లు వేసే లారీ ఎక్కి వస్తానని వెళ్ళాడు. ఎటు పోయాడో ఇప్పటికీ తెలియదు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరు చెప్పులేసుకున్నా నా గుండె జారుతుంది.

"నువ్వు రాకపోతే నేను చస్తానే," అన్నాను.

"ప్రతి వారం ఆ మాటేనా? పనికి విజయవాడ పోయినా ఇదే పాట," అంది మెర్సీ, జిప్పు లాగుతూ.

అప్పుడే రమణమ్మ తన కూతురు జ్యోతిని వెంటబెట్టుకుని వచ్చింది. రమణమ్మ అదే తోటలో పన్నెండేళ్ళుగా నాతో పనిచేసిన మనిషి. మాది చర్చి, వాళ్ళది గుడి. అయినా ఒక్క పొయ్యి మీద రెండిళ్ళకీ వండుకున్న రోజులున్నాయి. జ్యోతికి ఇరవై నాలుగేళ్ళు. ఆ దీవిలో ఇద్దరు మనుషులు కావాలంటే, నా తమ్ముడు మార్టిన్ మెర్సీ పేరు, మెర్సీ జ్యోతి పేరు ఏజెంటుకి ఇచ్చారు.

"అక్కా, ఇది నూజివీడు దాటి ఎరగదు. ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు," అంది రమణమ్మ. "నాకు రేత్రి నుంచీ కాళ్ళు వణుకుతున్నాయి."

నాకూ వణుకుతున్నాయి. కానీ వణికేవాళ్ళు ఇద్దరుంటే ఒకరు ధైర్యం చెప్పాలి గదా. "మెర్సీ తీసుకెళ్తోంది, మెర్సీయే తీసుకొస్తది. పూచీ నాది," అన్నాను.

"పూచీ ఇచ్చి పంపడానికి నేనేమన్నా కలెక్టరు మామిడికాయనా పెద్దమ్మా, మచ్చ పడితే మార్చి ఇవ్వడానికి?" అని జ్యోతి నవ్వింది. ఆ పిల్ల నవ్వు దగ్గులాగా మొదలై, ఆగుతుందనుకున్నప్పుడు మళ్ళీ మొదలయ్యేది. ఎవరు విన్నా వాళ్ళకీ నవ్వొచ్చేది.

మే రెండో వారంలో మెర్సీ వీడియో కాల్ చేసింది. కోత ఆపి అందరం ఫోను చుట్టూ మూగాం. నీలం సముద్రం, పక్కన ఎండి పసుపుపచ్చగా ఉన్న కొండ, కొండ కింద జామాయిల్ చెట్లు, చెట్ల కింద వరసగా గుడ్డ గుడిసెలు. ఒక లావుపాటి దొర నిక్కరుతో నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు.

"వీళ్ళకి ఇళ్ళు లేవా పాపం?" అంది రమణమ్మ.

"ఉన్నాయి పిన్నీ, పెద్ద పెద్దవి. సెలవులకొచ్చారు. దీన్ని కాంపింగ్ అంటారు."

"మరి దేనికి కాపలా పడుకున్నారే?" అన్నాను. " చుట్టూ కాయ లేదు, పండు లేదు."

జ్యోతి మొహం దూర్చింది. "కాపలా కాదు పెద్దమ్మా, ఊరికే పడుకుంటారు. నేల గట్టిగా ఉందని పొద్దున్నే లేచి మా మీద అరుస్తారు. నేల మేము చేశామా?" దగ్గు నవ్వు మొదలైంది. పాకంతా నవ్వింది.

నేను నవ్వలేదు. ముప్పై ఏళ్ళు ఏటా నాలుగు నెలలు, పిందె కట్టినప్పటి నుంచి ఆఖరి కాయ దిగేదాకా, తేళ్ళ మధ్య నేల మీద పడుకున్నదాన్ని. మాకది బతుకు. వాళ్ళకది సెలవు. ఆ సెలవు కోసం వాళ్ళ మరుగుదొడ్లు కడగడానికి నా కూతురు సముద్రం దాటింది. అరిటాకులో అన్నం తిన్నవాడు ఎంగిలాకు తీసేవాడి మొహం చూస్తాడు. వీళ్ళు అదీ చూడరట.

"మీరెక్కడ పడుకుంటున్నారు? అది చూపించు," అన్నాను.

మెర్సీ ఫోను తిప్పింది. దొడ్ల వెనక, మురుగు పారే పల్లంలో, అతుకులేసిన గుడ్డ గుడిసె ఒకటి. చుట్టూ రెల్లు. జ్యోతి చేతుల నిండా దద్దుర్లు.

"దోమలు పెద్దమ్మా, పల్లీ గింజలంత ఉన్నాయి," అంది జ్యోతి.

"కాయిల్స్ ఇవ్వరా?"

"అవి గెస్టులకంట," అంది మెర్సీ. "అడిగితే యజమాని నవ్వి, మీ దేశంలో దోమలు లేవా, మీకు అలవాటేగా అన్నాడు."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. అలవాటు! ఎద్దు మెడ మీద కాయ కాసిందని కాడి బరువు తగ్గుతుందా?

జూన్ ఆఖరుకి మా తోట ఖాళీ అయింది. కొమ్మలు కొట్టే పని మొదలైంది. ఆ రోజుల్లోనే మెర్సీ ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, జ్యోతికి జ్వరం తగ్గట్లేదనీ, దోమలకి నిద్రే లేదనీ ఏడ్చింది. నేను చెప్పాను. నేనే చెప్పాను.

"మన తోటలో పొగేసినట్టు వెయ్యవే. చిన్న గుంట తియ్యి. అడుగున ఎండాకు, పైన పచ్చాకు. మంట రాకూడదు, పొగే రావాలి."

"వేపాకు లేదమ్మా. మామిడీ లేదు. అన్నీ జామాయిల్ చెట్లే."

"ఏ ఆకైతే ఏంటే? పచ్చాకు పచ్చాకే."

పచ్చి మామిడాకు, పచ్చి వేపాకు నిప్పుని నొక్కిపడతాయి. మేమంతా పుట్టినప్పటి నుంచి చూసింది అదే. జామాయిల్ ఆకులో నూనె ఉంటుందనీ, పచ్చిదైనా భగ్గుమంటుందనీ విస్సన్నపేట వైపు జామాయిల్ తోటలేసినవాళ్ళని అడిగితే ఎవరైనా చెప్పేవాళ్ళు. నేను అడగలేదు. తెలియదని కూడా అనలేదు.

జూలై పద్దెనిమిది పొద్దున పళ్ళు తోముకుంటూ ఫోను చూస్తే మెర్సీ వాయిస్ మెసేజి ఉంది. అంతకుముందు సాయంత్రం పెట్టింది. నాకు ఫోన్లో మాట సరిగా వినపడదు. అందుకని మెసేజి పెట్టమంటాను, చెవి దగ్గర పెట్టుకుని రెండు మూడు సార్లు వింటాను. ఒక్కటీ తీసెయ్యను. మా ఆయన పోయినప్పుడు గొంతు కూడా మిగల్లేదు నాకు.

"అమ్మా, పొగేస్తున్నా. నువ్వు చెప్పినట్టే, అడుగున ఎండాకు, పైన పచ్చాకు." వెనక జ్యోతి గొంతు: "అక్కా, వద్దక్కా, ఇక్కడ నిప్పు పెట్టకూడదని బోర్డుందన్నావుగా." "నోర్ముయ్యవే, ఇది నిప్పా? పొగ. మా అమ్మ చెప్పింది." తరవాత దగ్గు. దగ్గు నవ్వయింది. "కళ్ళు మండుతున్నాయక్కా!" ఇద్దరూ నవ్వారు. అంతే.

ఆ తరవాత ఐదు రోజులు ఇద్దరి ఫోన్లూ మోగలేదు.

ఆరో రోజు షాలోమి అనే అమ్మాయి రమణమ్మకి ఫోన్ చేసింది. ఆ పిల్లది రాజోలు, ఆ గుడారాల దగ్గర వంటింట్లో పని. రెల్లు అంటుకుందట. గాలికి కొండ అంటుకుందట. నలభై గుడారాలు కాలాయి. చావులేమీ లేవు. మెర్సీని, జ్యోతిని పోలీసులు అడుగుతున్నారు. అంతవరకే చెప్పి ఏడ్చింది.

ఆగస్టు ఆరో తారీకు, ఆదివారం, ఆరాధన అయ్యి ఇంటికొచ్చేసరికి మెర్సీ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన అదే సంచి. నేను ఉరికి వాటేసుకున్నాను. ఒళ్ళంతా తడిమాను. దేవుడికి వందనాలు చెప్పాను. అన్నీ అయ్యాక సందు చివరకి చూశాను.

"జ్యోతేదే?"

మెర్సీ సంచి దగ్గరికి లాక్కుంది. ఈలోపు ఎవరు చెప్పారో, రమణమ్మ కొంగు బిగించుకుని పరుగున వచ్చింది. అరుగు మీద ఒకరే ఉండడం చూసి వాకిట్లో ఆగిపోయింది.

"నా పిల్లేది మెర్సీ?"

"అక్కడే ఉంచారు పిన్నీ. కేసయింది." మెర్సీ గోరుతో అరుగు గీకుతోంది. "నేను వంటింట్లో ఉన్నాను. దోమలు దోమలంటూ అదే పొగేసింది. వద్దని చెప్పా. వినలేదు."

ఫోను నా బొడ్లో ఉంది. నేను నా కూతురి మొహం చూశాను. చిన్నప్పుడు పంచదార తిని మూతి తుడుచుకుని వచ్చేది, ఆ మొహమే.

రమణమ్మ తిట్టలేదు, గుండెలు బాదుకోలేదు. నా వైపు తిరిగి, "పూచీ నాది అన్నావు గదక్కా," అంది. అని వెళ్ళిపోయింది.

నేను నోరు తెరవలేదు. ఆ రోజు కాదు, మర్నాడు కాదు, ఆ నెలంతా తెరవలేదు. రమణమ్మతో పక్కపక్కనే కొమ్మలు మోశాను, ఆమె సద్దిలో పచ్చడి వేశాను, నోరు మాత్రం తెరవలేదు. నా కోపాల లెక్కలో అన్నిటికంటే పైనున్నది ఇదే.

ఇంట్లో మాత్రం కొట్టుకున్నాం.

"అది తీసెయ్యమ్మా," అంది మెర్సీ ఒక పొద్దున, బియ్యం ఏరుతూ.

"ఏది?"

"నీకు తెలుసు ఏదో."

"పోలీసులకి ఏం చెప్పావే?"

"దానికి ఇంగ్లీషు రాదు. వాళ్ళు అడిగినవన్నీ నేనే చెప్పాను, నా తరఫునా, దాని తరఫునా."

చేట లాక్కున్నాను. బియ్యం వాకిలంతా పడ్డాయి. "దాని పక్కనే నిలబడి, దానికి అర్థం కాని భాషలో, దాని మీద చెప్పావా? అది నీ మొహం చూస్తూ తలూపిందా?"

"ఊపింది!" అని అరిచింది మెర్సీ. "ఏం చెయ్యమంటావు? ఇద్దరం లోపలుంటే ఎవరు బాగుపడతారు? అసలు పచ్చాకు పచ్చాకే అన్నదెవరు? తెలీకపోతే తెలీదని చావొచ్చుగా!"

ఒంగుని బియ్యం ఏరుకున్నాను.

మార్టిన్ వచ్చి మంచంలో కూర్చుని పెద్దమనిషిలా మాట్లాడాడు. "అక్కా, ఆ ముక్క బయటికొస్తే మెర్సీ మీద కేసు తిరుగుద్ది. రేపు ఏ దేశమూ రానివ్వదు. ఆ పిల్లనేం ఉరి తీస్తారా? ఆరు నెలలు కూర్చోబెట్టి పంపేస్తారు."

"నీ కూతురైతే ఆరు నెలలే గదా అంటావా?"

"అందుకే గదక్కా అంటున్నా. మెర్సీ మన పిల్ల."

నా తమ్ముడు చెడ్డవాడు కాదు. అదే నాకు మంట. చెడ్డవాడైతే తలుపేసేదాన్ని.

సెప్టెంబరు ఎనిమిదిన తోటలో గొడ్డలి పని మధ్యలో, కొట్టిన కొమ్మల మీద కూర్చుని రమణమ్మా నేనూ మంచినీళ్ళు తాగుతున్నాం. ఆమె ఫోను మోగింది. షాలోమి. రమణమ్మకి స్పీకరు నొక్కితేనే వినపడుతుంది.

"పిన్నీ, పద్నాలుగున కోర్టంట. ప్లీడరు చెప్పాడు, ఇట్లాగే అయితే ఏళ్ళు పడొచ్చంట. జ్యోతి 'నేను కాదు' అని ఏడుస్తుంది గానీ, మెర్సీ అక్క జ్యోతే పొగేసిందని సంతకం పెట్టి పోయింది గదా. పొగేసింది చూసినవాళ్ళెవరన్నా ఉన్నారా అని అడుగుతున్నాడు పిన్నీ."

"ఎవరుంటారమ్మా," అంది రమణమ్మ. "అది దేవుడు చూడాలి." ఫోను పెట్టేసి, పుచ్చిపోయిన కొమ్మ ఒకటి తీసి అవతల పడేసింది. మళ్ళీ పనిలోకి లేవబోయింది.

"కూర్చో రమణమ్మా," అన్నాను.

బొడ్లోంచి ఫోను తీశాను. పైకి, పైకి జరిపాను. జూలై దగ్గర ఆపి నొక్కాను.

మెర్సీ గొంతు. జ్యోతి గొంతు. దగ్గు. నవ్వు.

మెసేజి అయిపోయాక రమణమ్మ ఫోను మీదకి వంగింది.

"ఇంకోసారి పెట్టక్కా."

పెట్టాను.

"ఆ నవ్వింది, అక్కడ. ఇంకోసారి."

మూడోసారి పెట్టాను. అప్పుడు నా మొహంలోకి చూసింది.

"ఇన్నాళ్ళూ నీ బొడ్లో ఉందా నా బిడ్డ?"

నేను ఆమె ఫోను తీసుకుని షాలోమి నంబరు చూసి నా దాంట్లోకి ఎక్కించుకున్నాను. మెసేజి మీద వేలు అదిమి పట్టి, బాణం గుర్తు నొక్కి, పంపాను. ఒక టిక్కు పడింది. కాసేపటికి రెండోది పడింది. గొడ్డలి తీసుకుని పక్క చెట్టు దగ్గరికి నడిచాను. మిగిలిన కొమ్మలు కొట్టాం. ఆ సాయంత్రం ఆమె తన సద్ది గిన్నె తను ఒక్కతే కడుక్కుని పోయింది.

మెర్సీకి నేనే చెప్పాను. దాచితే ఇంకో నెల దాస్తానని నాకు తెలుసు. అది మూడు రోజులు అన్నం తినలేదు, నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున అటక మీంచి సంచి దించింది. తన బట్టలు తనే పెట్టుకుంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. సర్దనీ అంటే నా చెయ్యి విదిలించింది. కోత అయ్యాక పాక సామానుతోపాటు ఇంటికి తెచ్చుకున్న వేపాకు మూట గూట్లో ఉంది. దాన్ని తీసి నా ముందు ఊపింది.

"ఇది కూడా పెట్టుకోనా? పొగేసుకోవచ్చు."

"మెర్సీ."

"నువ్వొక సంగతి విను. అక్కడ ఆ పోలీసు ఎదురుగా కూర్చున్నప్పుడు నాకు జైలంటే భయమెయ్యలేదు. నువ్వు రాకపోతే చస్తా, నువ్వు రాకపోతే చస్తా అన్నావు చూడు, అదే చెవుల్లో మోగింది. నేను రాకపోతే నువ్వు నిజంగా చస్తావనుకున్నా. అందుకని దాని పేరు చెప్పా. వచ్చా. వచ్చాక నువ్వే నన్ను అప్పజెప్పావు."

ఆగమని అనాలి. తల్లినైన దాన్ని, కాళ్ళు పట్టుకునైనా ఆపాలి. కానీ ఒళ్ళంతా కోపంగా ఉంది నాకు. దాని మీద, నా మీద, గెస్టులకి కాయిల్స్ పంచిన ఆ యజమాని మీద, గుడ్డ కింద పడుకోవడం సరదా అనుకునే మనుషులందరి మీద. ఆ కోపంలోనే అన్నాను: "పో. పూచీ నాది అన్నాను. నీకు ఇవ్వలేదు ఆ మాట, రమణమ్మకిచ్చాను."

మార్టిన్ ఆటో సందు చివర ఆగి ఉంది. మెర్సీ చెప్పులేసుకుంది. ఈసారి నా గుండె జారలేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

ఆ మెసేజి విని కోర్టు వదిలేశాక, జ్యోతి నవంబరు ఎనిమిదిన ఇంటికి చేరింది. కుడి అరచేయి కాలి ముడుచుకుపోయింది. ఆ రోజు మంట లేచాక, పడుకున్న పసివాళ్ళు లోపలున్నారేమోనని గుడారాల గుడ్డ చేత్తో లాగిందట. నన్ను చూడ్డానికి వచ్చింది. "అక్కేది పెద్దమ్మా?" అని అడిగింది. కోపంగా కాదు, మామూలుగా. నేను చెప్పాను. ఆ పిల్ల కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి పోయింది. రమణమ్మ ఇప్పుడు విస్సన్నపేట వైపు వేరే తోటలో పనిచేస్తోంది. ఎదురుపడితే తల దించుకుని పోతుంది. ఆమెది న్యాయమే.

ఆ మెసేజి నా ఫోన్లోనే ఉంది. ఆ తరవాత రెండు కాపులు దిగిపోయాయి, మూడోది ఇప్పుడు పూత మీదుంది. సాయంత్రం ఎవరో తోటల్లో పొగేస్తున్నారు, వాసన ఇంటిదాకా వస్తోంది.

నా కూతురు మెర్సీ 2023 సెప్టెంబరు పన్నెండు, మంగళవారం, పొద్దున ఎనిమిదింటికి ఇంట్లోంచి వెళ్ళింది. తిరిగి రాలేదు.